స్టాన్ కల్లిస్: లెక్కలోకి రాని ఏడేళ్ళు

ఫుట్‌బాలర్ స్టాన్ కల్లిస్ ఇంగ్లండ్‌కి ఎన్ని మ్యాచ్‌లు ఆడాడని రికార్డులు తిరగేస్తే 12 అని కనిపిస్తుంది. ఆ కాలంలో ఇంగ్లండ్ చూసిన మేటి సెంటర్ హాఫ్‌లలో (రక్షణ మధ్యలో నిలబడే ఆటగాళ్ళలో) ఒకడని పేరున్నవాడికి ఇది మరీ చిన్న అంకె. అయితే అదే మనిషి, అదే తెల్ల చొక్కా వేసుకుని ఇంకో 20 మ్యాచ్‌లు ఆడాడు. అవి లెక్కలో లేవు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా జరిగిన ఇంగ్లండ్ మ్యాచ్‌లను ఫుట్‌బాల్ అసోసియేషన్ పూర్తి స్థాయి అంతర్జాతీయ మ్యాచ్‌లుగా గుర్తించలేదు. మైదానం నిండా జనం వచ్చినా, పేపర్లలో పెద్ద అక్షరాలతో వార్తలు పడినా, దేశానికి ఆడినందుకు గుర్తుగా ఇచ్చే క్యాప్ మాత్రం ఇవ్వలేదు.

అందుకే కల్లిస్ గురించి రాసేవాళ్ళు కథను రెండు ముక్కలు చేస్తారు. యుద్ధానికి ముందు మంచి ఆటగాడు, యుద్ధం తర్వాత గొప్ప మేనేజర్, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీని అలాగే వదిలేస్తే కొన్ని ప్రశ్నలకు జవాబు దొరకదు. 31 ఏళ్ళవాడి చేతికి వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ లాంటి పెద్ద క్లబ్బును ఎందుకు అప్పగించారు? అతను జట్టును ఆ పద్ధతిలోనే ఎందుకు ఆడించాడు? మూడు లీగ్ టైటిళ్ళు తెచ్చినవాణ్ణి 16 ఏళ్ళ తర్వాత అంత మొరటుగా ఎందుకు సాగనంపారు? మూడింటికీ మూలం యుద్ధంలోనే ఉందని నేననుకుంటాను. పైగా ఒక యుద్ధం కాదు, రెండు.

కల్లిస్ 1916 అక్టోబరు 25న చెషైర్‌లోని ఎల్స్‌మియర్ పోర్ట్‌లో పుట్టాడు. 20వ శతాబ్దం మొదట్లో వుల్వర్‌హాంప్టన్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీ ఆ రేవు ఊరికి మారింది. దాని వెంట కార్మికులూ కుటుంబాలతో తరలివచ్చారు. కల్లిస్ తండ్రి వాళ్ళలో ఒకడు. ఊరు మారినా ఆయన అభిమానం మాత్రం పాత ఊరి క్లబ్బు వుల్వర్‌హాంప్టన్ వాండరర్స్ మీదే, అంటే అందరూ వుల్వ్స్ అని పిలుచుకునే జట్టు మీదే ఉండిపోయింది. కొడుకు బాగా ఆడుతున్నాడని తెలిశాక అతను ఎక్కడికి వెళ్ళాలో ఇంట్లో ముందే తేలిపోయింది. అదే ఊళ్ళో, అదే బడిలో కల్లిస్‌కంటే రెండేళ్ళు పెద్దవాడు ఇంకొకడు ఉన్నాడు, జో మెర్సర్. అతని పేరు గుర్తుంచుకోండి, చివర్లో కావాలి.

1934లో కల్లిస్ వుల్వ్స్‌లో చేరేనాటికి అక్కడ మేనేజర్ ఫ్రాంక్ బక్లీ. అందరూ ఆయన్ని మేజర్ బక్లీ అనేవారు. ఆ మేజర్ అన్నది ముద్దుపేరు కాదు, నిజంగా సైన్యంలో సంపాదించిన హోదా. 1914 డిసెంబరులో లండన్‌లో ఫుట్‌బాలర్ల కోసం ప్రత్యేకంగా ఒక బెటాలియన్ పెట్టారు. అది మిడిల్‌సెక్స్ రెజిమెంట్ 17వ బెటాలియన్. అందులో మొదట చేరినవాళ్ళలో బక్లీ ఒకడు. 1916లో ఫ్రాన్స్‌లో తీవ్రంగా గాయపడ్డాడు. యుద్ధం ముగిశాక ఇక ఆడే అవకాశం లేకపోవడంతో మేనేజర్ అయ్యాడు. ఆటగాడు సైనికుడై, సైనికుడు మేనేజరైన కథ కల్లిస్‌తో మొదలవలేదన్నమాట. అతని గురువు ఒక తరం ముందే ఆ దారిలో నడిచాడు.

బక్లీ క్లబ్బును బెటాలియన్ నడిపినట్టే నడిపాడు. రాత్రి ఎన్నింటికి ఇంటికి చేరాలి, ఎలా ఉండాలి అన్నింటికీ రూల్స్ ఉండేవి. సెంటిమెంట్ లేకుండా ఆటగాళ్ళను అమ్మేసేవాడు, వాళ్ళ స్థానంలో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళను దించేవాడు. కోతి గ్రంథుల సారం ఇంజెక్షన్లుగా ఇప్పిస్తున్నాడని పేపర్లన్నీ గోలపెట్టాయి. అందులో ఎంత మందు ఉందో, ఎంత ప్రచారం ఉందో నాకు అనుమానమే. ఆ ఇంజెక్షన్ల సంగతి ఎలా ఉన్నా, కల్లిస్ ఎదిగిన వాతావరణం అది. ఇరవై ఏళ్ళు నిండకముందే అతను ఆ జట్టుకి కెప్టెన్.

ఆ జట్టు మీద ఎవరికైనా జాలి కలుగుతుంది. 1937-38లో ఆర్సెనల్ కంటే ఒక్క పాయింటు తక్కువతో రెండో స్థానం. 1938-39లో మళ్ళీ రెండో స్థానం, ఈసారి ఎవర్టన్ తర్వాత. అదే ఏడాది ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఫైనల్లో పోర్ట్స్‌మత్ చేతిలో 4-1 ఓటమి. అయినా చాలామంది కుర్రాళ్ళే. ఇంకో రెండు మూడేళ్ళు కలిసి ఆడితే టైటిల్ ఎక్కడికీ పోదని అనుకున్నారు. 1939 మే 24న బుకారెస్ట్‌లో రుమేనియా మీద ఇంగ్లండ్ 2-0తో గెలిచినప్పుడు కెప్టెన్ కల్లిస్. వయసు 22.

అంతకు ఏడాది ముందు, 1938 మే 14న బెర్లిన్‌లో ఇంగ్లండ్ జర్మనీని 6-3తో ఓడించింది. ఆ మ్యాచ్‌కి ముందు ఇంగ్లండ్ ఆటగాళ్ళు వరుసగా నిలబడి నాజీ సెల్యూట్ చేసిన ఫోటో ఇప్పటికీ ఇంగ్లండ్‌ని సిగ్గుపడేలా చేస్తుంది. ఆ వరుసలో కల్లిస్ లేడు. చెయ్యెత్తనని మొహమ్మీదే చెప్పాడనీ, అందుకే పక్కన పెట్టారనీ తర్వాత కాలంలో బాగా ప్రచారమైంది. రుజువు సంగతి అలా ఉంచితే, అతని స్వభావం తెలిసినవాళ్ళెవరూ ఆ కథ విని ఆశ్చర్యపోలేదు.

లీగ్ ఆగిన రోజు

1939-40 సీజన్‌లో మూడు రౌండ్లు నడిచాయి. చివరి మ్యాచ్‌లు సెప్టెంబరు 2, శనివారం. మర్నాడు బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. సీజన్ రద్దయింది, ఆడిన ఆ కొద్ది మ్యాచ్‌లను కూడా రికార్డుల్లోంచి కొట్టేశారు. మూడుకి మూడు గెలిచి పైన ఉన్న బ్లాక్‌పూల్‌కి దక్కింది ఏమీ లేదు. ఆటగాళ్ళ కాంట్రాక్టులు నిలిపేశారు. అంతకు ముందు వారానికి గరిష్ఠంగా 8 పౌండ్లు వచ్చేవి, అవి ఆగిపోయాయి. మళ్ళీ ఆటలకు అనుమతి వచ్చాక మ్యాచ్‌కి 30 షిల్లింగులు, అంటే ఒకటిన్నర పౌండు.

చాలామంది అనుకునేదానికి భిన్నంగా, యుద్ధంలో ఫుట్‌బాల్ ఆగలేదు. రూపం మారింది. దూరప్రయాణాలు వద్దన్నారు కాబట్టి దేశాన్ని ప్రాంతాలుగా విడగొట్టి చిన్న చిన్న లీగులు పెట్టారు. బాంబులు పడే ప్రమాదం ఉన్న చోట్ల మొదట్లో 8,000 మందికి మించి ప్రేక్షకుల్ని రానివ్వలేదు. అన్నిటికంటే పెద్ద మార్పు ‘గెస్ట్’ ఆటగాళ్ళు. సైన్యంలో చేరినవాడు ఏ ఊళ్ళో డ్యూటీలో ఉంటే ఆ ఊరి క్లబ్బుకి ఆడుకోవచ్చు. దీనివల్ల కొన్ని వింతలు జరిగాయి. 1940 క్రిస్మస్ రోజున బ్రైటన్ జట్టు అయిదుగురు ఆటగాళ్ళతో నార్విచ్‌లో దిగింది. మిగతా స్థానాలను నార్విచ్ రిజర్వ్ కుర్రాళ్ళతోనూ, మ్యాచ్ చూడ్డానికొచ్చిన సైనికులతోనూ నింపారు. స్కోరు 18-0. ఇలాంటి మ్యాచ్‌లను లెక్కలోంచి తీసేశారంటే అర్థముంది. అదే గీతతో కల్లిస్ ఆడిన 20 మ్యాచ్‌లు కూడా కొట్టుకుపోవడమే అన్యాయం.

గెస్ట్ పద్ధతితో ఎక్కువ లాభపడింది ఆల్డర్‌షాట్. శాంతికాలంలో మూడో డివిజన్ అడుగున ఉండే అనామక క్లబ్బు అది. కానీ ఆ ఊరు బ్రిటిష్ సైన్యానికి కేంద్రం, పైగా సైనికులకు వ్యాయామ శిక్షణ ఇచ్చే విభాగం అక్కడే ఉంది. యుద్ధం మొదలవగానే ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి స్టాన్లీ రౌస్ ఫుట్‌బాలర్లను ఆ విభాగంలోకి రమ్మని పిలిచాడు. కల్లిస్ వెళ్ళాడు. మెర్సర్ వెళ్ళాడు. ఎవర్టన్‌కి ఆడే క్లిఫ్ బ్రిటన్, లివర్‌పూల్‌కి ఆడే స్కాట్లండ్ మనిషి మ్యాట్ బస్బీ కూడా వెళ్ళారు. అలా ఒక శనివారం మధ్యాహ్నం ఆల్డర్‌షాట్ మైదానానికి వెళ్ళిన ప్రేక్షకుడికి బ్రిటన్, కల్లిస్, మెర్సర్ వరుసగా కనిపించేవారు. సాక్షాత్తూ ఇంగ్లండ్ హాఫ్‌బ్యాక్ వరుస, అంటే జట్టు మధ్య వరుసలోని ముగ్గురూ!

1943 అక్టోబరు 16న మాంచెస్టర్‌లోని మెయిన్ రోడ్‌లో ఇంగ్లండ్ స్కాట్లండ్‌ని 8-0తో చిత్తు చేసినప్పుడు ఆడింది కూడా ఆ ముగ్గురే. నాలుగు గోల్స్ కొట్టినవాడు టామీ లాటన్. ఎడమ వింగ్‌లో, అంటే మైదానం ఎడమ అంచున ఆడినవాడు డెనిస్ కాంప్టన్. క్రికెట్ చదివేవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. ఆ తర్వాత సైనికుడిగా మన దేశానికి వచ్చిన కాంప్టన్, తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు కెప్టెన్సీలో హోల్కర్ జట్టుకి ఆడి, 1945 రంజీ ఫైనల్లో బొంబాయి మీద 249 నాటౌట్ చేశాడు. యుద్ధం ఎవర్ని ఎక్కడికి విసిరేసిందో చూస్తే విచిత్రంగా ఉంటుంది.

అందరి అదృష్టమూ ఒకలా లేదు. బోల్టన్ జట్టు కెప్టెన్ హ్యారీ గోస్లిన్ తన తోటి ఆటగాళ్ళతో కలిసి ఫిరంగి దళంలో చేరి 1943 డిసెంబరులో ఇటలీలో ప్రాణాలు పోగొట్టుకున్నాడు. వ్యాయామ శిక్షకుల పోస్టుల్లో చేరిన ఫుట్‌బాలర్ల మీద అప్పట్లో సణుగుడు లేకపోలేదు. మా పిల్లలు యుద్ధానికి పోతుంటే వీళ్ళు శనివారం శనివారం బంతాట ఆడుకుంటున్నారన్నది ఆ కోపం. అది పూర్తిగా తప్పని చెప్పలేం.

కానీ మన ప్రశ్నకి సంబంధించినంతవరకు ఆ పోస్టులే ముఖ్యం. యుద్ధానికి ముందు ఇంగ్లండ్‌లో మేనేజర్ అంటే చాలా క్లబ్బుల్లో ఆఫీసు గదిలో కూర్చుని ఉత్తరాలు రాసుకునే మనిషి. సూటూ టోపీ వేసుకుని శనివారం మాత్రమే ఆటగాళ్ళకి కనిపించేవాడు. మైదానంలో శిక్షణ అంటే వేరే ట్రైనర్ చూసుకునే పరుగులు, అంతే. కోచింగ్ అనే మాటనే చాలామంది ఎగతాళి చేసేవారు. అలాంటి చోటు నుంచి వచ్చిన పాతికేళ్ళ ఆటగాళ్ళకి సైన్యం ఏం అప్పజెప్పింది? ఫ్యాక్టరీ నుంచి, గని నుంచి వచ్చిన ముప్పై నలభై మందిని, కొన్ని వారాల్లో, ఒక లెక్క ప్రకారం, పరిగెత్తగలిగేలా బరువు మోయగలిగేలా తయారుచెయ్యమంది. ఒక బ్యాచ్ పోతే ఇంకో బ్యాచ్. ఎదురుగా నిలబడి అందరికీ అర్థమయ్యేలా రెండు ముక్కల్లో చెప్పడం, చెప్పింది చేయించడం, ఎవడు ఎంత మెరుగయ్యాడో రాసుకోవడం. ఇదే రేపటి మేనేజర్ ఉద్యోగం, కాకపోతే అప్పటికి దానికా పేరు లేదు.

యుద్ధం ముగిశాక ఏం జరిగిందో చూడండి. బస్బీ 1945లో, 36 ఏళ్ళకి, బాంబులకు కూలిపోయిన స్టేడియంతో ఉన్న మాంచెస్టర్ యునైటెడ్‌ను తీసుకున్నాడు. క్లిఫ్ బ్రిటన్ అదే ఏడాది బర్న్‌లీకి మేనేజరయ్యాడు. టోటెన్‌హామ్ మాజీ ఆటగాడు ఆర్థర్ రో సైన్యంలో పనిచేసి వచ్చి, 1949లో తన పాత క్లబ్బు పగ్గాలు పట్టి రెండేళ్ళలో లీగ్ గెలిపించాడు. ఇది కాకతాళీయమంటే నమ్మలేం.

చొక్కా పట్టుకోని క్షణం

కల్లిస్‌కి ముందు ఒక పని మిగిలింది. 1946లో లీగ్ తిరిగి మొదలైంది. అతని వయసు 29. యుద్ధానికి ముందే తలకు పెద్ద దెబ్బలు తగిలి స్పృహతప్పిన ఘటనలున్నాయి. అప్పటి బంతి తోలుది. వానలో తడిస్తే రాయిలా బరువెక్కేది. సెంటర్ హాఫ్ పనే దాన్ని రోజంతా తలతో కొట్టడం. ఇలాగే ఆడితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్లు హెచ్చరించారు. దాంతో ఆ సీజనే ఆఖరిదని నిర్ణయించుకున్నాడు.

ఆ చలికాలం మంచు వల్ల ఎన్నో మ్యాచ్‌లు వాయిదాపడి సీజన్ ఎండాకాలం దాకా సాగింది. 1947 మే 31న సొంత మైదానం మొలినోలో లివర్‌పూల్‌తో వుల్వ్స్ చివరి మ్యాచ్. గెలిస్తే వుల్వ్స్ మొట్టమొదటిసారి ఛాంపియన్లు. మొదటి సగంలోనే జాక్ బామర్ గోల్ కొట్టాడు. ఆ తర్వాత లివర్‌పూల్ సెంటర్ ఫార్వర్డ్ ఆల్బర్ట్ స్టబిన్స్ పొడుగు పాస్ అందుకుని కల్లిస్‌ని దాటి ముందుకు దూసుకుపోయాడు. ఒక్క క్షణం అతని చొక్కా కల్లిస్ చేతికి అందేంత దూరంలో ఉంది. పట్టి లాగితే పోయేది ఒక ఫ్రీ కిక్ మాత్రమే, ఆ రోజుల్లో అంతకు మించి శిక్ష ఉండేది కాదు. కల్లిస్ లాగలేదు. స్టబిన్స్ గోల్ కొట్టాడు. వుల్వ్స్ 2-1తో ఓడిపోయింది. పట్టికలో లివర్‌పూల్‌కి 57 పాయింట్లు, వుల్వ్స్‌కి 56. టైటిల్ పోగొట్టినా సరే, చొక్కా లాగినవాడిగా మిగిలిపోవడం తనకిష్టం లేదని తర్వాత చెప్పాడు. ఆటగాడిగా అతని కథ అక్కడితో సరి. క్లబ్బు తరఫున మొత్తం 171 మ్యాచ్‌లు. యుద్ధం లేకుంటే ఆ సంఖ్య ఎంత ఉండేదో ఎవరికి వాళ్ళే ఊహించుకోవచ్చు.

ఒక ఏడాది అసిస్టెంట్‌గా ఉన్నాక, 1948 జూన్‌లో మేనేజరయ్యాడు. 1949లో ఎఫ్ఏ కప్, 1953-54లో క్లబ్బు చరిత్రలో తొలి లీగ్ టైటిల్, 1957-58లో, 1958-59లో మళ్ళీ టైటిళ్ళు, 1960లో ఇంకో కప్. ఆ 1960లో లీగ్ కూడా ఒక్క పాయింటు తేడాతో బర్న్‌లీకి పోయింది. 1957-58 నుంచి వరుసగా నాలుగు సీజన్లు లీగ్‌లో వందకు పైగా గోల్స్.

ఈ విజయాల వెనక ఉన్న పద్ధతిని చూస్తే సైన్యం వాసన వేస్తుంది. కానక్ చేజ్ గుట్టల మీద సీజన్ ముందు పరుగులు. వంద గజాల నుంచి మైళ్ళ దాకా ఒక్కో దూరాన్ని ఎంతసేపట్లో పరిగెత్తాలో ఆటగాళ్ళకు కనీస టైమింగ్‌లు. అందుకోసం పరుగుపందేల్లో పేరున్న ఫ్రాంక్ మోరిస్‌ను శిక్షకుడిగా పెట్టుకున్నాడు. పరుగు పెంచలేనివాడికి జట్టులో చోటు లేదు. మెత్తగా మాట్లాడే మనిషి కాదు, కానీ బూతు మాత్రం నోట్లోంచి వచ్చేది కాదట. డ్రెస్సింగ్ రూములో అది అందరికీ ఒక వింత.

ఆట తీరు కూడా అంతే సూటిగా ఉండేది. మధ్యలో పది పాస్‌లు తిప్పుకోవడం దండగ, బంతిని వీలైనంత త్వరగా వింగ్‌లకు పంపాలి. అక్కడ ఒక పక్క 5 అడుగుల 4 అంగుళాల జానీ హాంకాక్స్, ఇంకో పక్క జిమ్మీ ముల్లెన్. వాళ్ళ దగ్గర్నుంచి గోల్ ముందుకి క్రాస్. ఈ పద్ధతికి అంకెల బలం ఇచ్చినవాడు చార్ల్స్ రీప్ అనే వైమానిక దళ అధికారి. వృత్తిరీత్యా ఎకౌంటెంట్. 1950 నుంచి ప్రతి మ్యాచ్‌లో ప్రతి పాస్‌నూ చేత్తో రాసుకునేవాడు. మూడు పాస్‌ల లోపే ఎక్కువ గోల్స్ పడుతున్నాయని అతని లెక్క తేల్చింది. కల్లిస్‌కి ఇది ముందే తెలిసిన సంగతిలా అనిపించింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫుట్‌బాల్‌లో ఎక్కువ ఎత్తుగడలు ఎలాగూ మూడు పాస్‌ల లోపే ముగిసిపోతాయి, ఎందుకంటే బంతి పోతూనే ఉంటుంది. కాబట్టి గోల్స్‌లో ఎక్కువ భాగం అక్కడే పడటంలో విశేషం లేదు. చూడాల్సింది ఎన్ని గోల్స్ పడ్డాయన్నది కాదు, అలాంటి ఎత్తుగడలు ఎన్ని జరిగితే ఒక గోల్ పడిందన్నది. రీప్ లెక్కలోని ఈ లోపాన్ని తర్వాతివాళ్ళు బాగా ఎత్తిచూపారు. అయినా 1950లలో బురద మైదానాల మీద, బలమైన ఆటగాళ్ళతో, ఆ పద్ధతి గెలిచింది. లెక్క తప్పయినా జవాబు కొన్నాళ్ళు సరిపోయింది.

దానికి పరాకాష్ఠ 1954 డిసెంబరు 13. అప్పటికి ఏడాది ముందు హంగరీ వెంబ్లీలో ఇంగ్లండ్‌ని 6-3తో, ఆ తర్వాత బుడాపెస్ట్‌లో 7-1తో చితక్కొట్టి ఉంది. ఆ హంగరీ ఆటగాళ్ళలో పుష్కాష్, కోచిష్, బోజిక్‌లాంటి వాళ్ళంతా ఆడే క్లబ్బు హోన్వెద్ మొలినోకి వచ్చింది. కొత్తగా పెట్టిన ఫ్లడ్ లైట్ల కింద మ్యాచ్. మొదటి సగం ముగిసేసరికి హోన్వెద్ 2-0 ఆధిక్యం. వానలకు నేల అప్పటికే తడిగా ఉన్నా, కల్లిస్ ఆ ఉదయమే దాన్ని ఇంకా తడపమన్నాడని, నీళ్ళు కొట్టినవాళ్ళలో తానూ ఒకణ్ణని తర్వాత మేనేజర్‌గా పేరు తెచ్చుకున్న రాన్ అట్కిన్సన్ చెప్పాడు. రెండో సగంలో ఆ బురదలో హంగరీవాళ్ళ చిన్న పాస్‌లు ఆగిపోయాయి. హాంకాక్స్ పెనాల్టీ, రాయ్ స్విన్‌బర్న్ రెండు గోల్స్. 3-2. ఇంగ్లండ్ పేపర్లు వుల్వ్స్‌ని ప్రపంచ ఛాంపియన్లు అనేశాయి. పారిస్‌లో లెకిప్ పత్రిక రాసే గాబ్రియెల్ హానోకి ఇది మింగుడుపడలేదు. వుల్వ్స్ మాస్కోలో, బుడాపెస్ట్‌లో కూడా ఆడి గెలిచాక చూద్దాం అన్నాడు. దాన్ని తేల్చడానికి క్లబ్బుల మధ్య ఒక టోర్నీ ఉండాలని ఆ పత్రిక ప్రతిపాదించింది. 1955లో యూరోపియన్ కప్ అలా మొదలైంది. ఇవాళ్టి ఛాంపియన్స్ లీగ్‌కి అదే మొదలు.

ఆ టోర్నీలోనే కల్లిస్ పద్ధతికి గట్టి దెబ్బ తగిలింది. 1960లో క్వార్టర్ ఫైనల్స్‌లో బార్సిలోనా రెండు మ్యాచ్‌ల్లో కలిపి 9-2తో ఓడించింది. మొలినోలో జరిగిన రెండో మ్యాచ్‌లో నాలుగు గోల్స్ కొట్టినవాడు కోచిష్. అయిదేళ్ళ కిందట అదే మైదానంలో బురదలో ఓడిపోయి వెళ్ళినవాడు.

దాని తర్వాత పరిస్థితులు ఒక్కొక్కటే ఎదురుతిరిగాయి. 1961లో ఆటగాళ్ళ జీతాల మీద గరిష్ఠ పరిమితి ఎత్తేశారు. అప్పటిదాకా ఎవడెంత గొప్పవాడైనా వారానికి 20 పౌండ్లే. ఇప్పుడు బేరమాడే హక్కు వచ్చింది. నిర్బంధ సైనిక సేవ కూడా ముగిసింది. 1948లో కల్లిస్ ముందు నిలబడినవాళ్ళు యుద్ధం చూసివచ్చినవాళ్ళు, ఆర్డర్ వేస్తే ఎందుకని అడగనివాళ్ళు. 1963లో నిలబడినవాళ్ళు అడిగేవాళ్ళు. కల్లిస్ గొంతు మాత్రం మారలేదు. ఒంట్లో బాగాలేక కొంతకాలం విశ్రాంతి తీసుకుని వచ్చిన వెంటనే, 1964 సెప్టెంబరులో, డైరెక్టర్లు అతన్ని తీసేశారు. ఆ సీజన్ చివర్లో వుల్వ్స్ కింది డివిజన్‌కి పడిపోయింది.

సైన్యమే మేనేజర్‌ని చేసింది, సైన్యపు అలవాటే ముంచింది అని ఇక్కడితో ముగిస్తే కథ చక్కగా ఉంటుంది. కానీ జో మెర్సర్ అడ్డొస్తాడు. అదే ఊరు, అదే బడి, అదే శిక్షకుల విభాగం, అదే హాఫ్‌బ్యాక్ వరుస. ఇద్దరికీ 1964లోనే ఆరోగ్యం దెబ్బతింది, ఇద్దరి ఉద్యోగమూ అదే ఏడాది పోయింది, మెర్సర్‌ది ఆస్టన్ విల్లాలో. మరుసటి ఏడాది ఇద్దరూ తిరిగి వచ్చారు. కల్లిస్ బర్మింగ్‌హామ్ సిటీకి, మెర్సర్ మాంచెస్టర్ సిటీకి. మెర్సర్ వస్తూనే మాల్కం ఆలిసన్ అనే కుర్ర కోచ్‌ని వెంటబెట్టుకుని, మైదానంలో పని మొత్తం అతనికి వదిలేశాడు. 1968లో మాంచెస్టర్ సిటీ లీగ్ గెలిచింది, ఆ తర్వాత రెండేళ్ళలో మూడు కప్పులు. అదే 1968లో కల్లిస్ బర్మింగ్‌హామ్ రెండో డివిజన్‌లో ఉంటూ ఎఫ్ఏ కప్ సెమీఫైనల్ దాకా వెళ్ళి వెస్ట్ బ్రామ్‌విచ్ చేతిలో ఓడింది. కల్లిస్ మైదానాన్ని ఇంకొకరికి వదిలేసే మనిషి కాదు. 1970 దాకా అక్కడే పనిచేసి ఫుట్‌బాల్ నుంచి తప్పుకున్నాడు.